దోషం సంఖ్య మూడు

విఘ్న మిచ్చు వాడ! విఘ్నమ్ము దీర్చెడు
వాడ నీవె కాదె వారణాస్య!
కప్పు కారు చోట గ్రంథాలఁ గావుమా
నవ్వుటొకటె మాకు నాయుధమ్ము

అని ఏనుగు మోము దేవరను ప్రార్థించి కథ మొదలుపెడుతున్నాను. విఘ్నాలను కల్పించే అధికారమూ తొలగించే అధికారమూ ఒకే స్వామి చేతిలో ఉండడం లోకం చేసుకున్న పుణ్యం. నేను పనిచేసిన విశ్వవిద్యాలయంలో ఆ రెండు అధికారాలూ రెండు వేర్వేరు విభాగాలవి. వాటిలో మొదటి విభాగానికి మాత్రమే సిబ్బందిని నియమించారు.

ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెప్పనక్కరలేనంత గొప్పది. కొండ మీద ఉంటుంది. అక్కడ ఉద్యోగమని తెలిస్తే పెళ్లిళ్లలో ముందు వరుస కుర్చీ ఇస్తారు. బస్సులో కిటికీ పక్కవాడు లేచి జరుగుతాడు. పురోహితుడు సంకల్పంలో మన గోత్రం చెప్పి, ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, ఆపైన పేరు చెబుతాడు. ఈ మర్యాదలన్నీ కొండ కింద. కొండ ఎక్కిన తరువాత దొరికే కుర్చీకి మూడు కాళ్లు. నాలుగవ కాలు కోసం పెట్టిన అర్జీ ఎక్కడుందో తెలుసుకోవడానికి మరొక అర్జీ పెట్టాలి. అయినా ఎవరూ ఉద్యోగం మానరు. మానితే మళ్లీ కొండ కింద మామూలు మనుషులమైపోతామన్న భయం.

నేను తాళపత్ర గ్రంథాలయంలో పండితుణ్ణి. అది పెంకుల కప్పు ఉన్న పాత కట్టడం. నాలుగువందల పన్నెండు తాటాకు కట్టలు, ఎర్రగుడ్డల్లో చుట్టి, అరలలో పేర్చి ఉండేవి. వాటిని కాపాడే ఉద్యోగి వకుళమ్మ. యాభై దాటిన మనిషి. పొద్దున్నే వచ్చి, చేతులు కడుక్కుని, దీపానికి దండం పెట్టుకుని, రోజుకొక కట్ట విప్పి, ఆకు ఆకుకూ నిమ్మగడ్డి నూనె రాసి, ఆరబెట్టి, తిరిగి కట్టేది. చంటిబిడ్డకు నలుగు పెట్టే తల్లి కూడా అంత నిదానంగా పెట్టదు. మొత్తం కట్టలన్నీ ఒక చుట్టు పూర్తికావడానికి ఏడాదికి పైగా పట్టేది. పూర్తవగానే మళ్లీ మొదటి కట్ట.

నాలుగవ అరలో 'వర్షలక్షణం' అనే గ్రంథం ఉంది. వాన ఎప్పుడు వస్తుందో చీమల్ని బట్టి, గాలిని బట్టి, పిచ్చుకల స్నానాన్ని బట్టి చెప్పే శాస్త్రం. నూట తొంభై ఆరు ఆకులు. కర్త పేరు తెలియదు. మరొక ప్రతి ఎక్కడా దొరకలేదు. ఇదొక్కటే. వకుళమ్మ సాయంత్రాలు దానికి కాగితం మీద నకలు తీస్తూ ఉండేది. అరవై ఒకటవ ఆకు దాకా వచ్చేసరికి, కోతులు కప్పు మీద గంతులేసి సరిగ్గా ఆ అర పైన పెంకులు పగలగొట్టాయి. వాన గురించి అంత తెలిసిన గ్రంథం మీదకే వాన దిగింది.

కట్టలను మరో చోటికి మార్చుకుంటామని అడిగాము. అర సంఖ్య మారితే పట్టిక మారుతుంది, పట్టిక మార్చడానికి పట్టికల సంఘం కూర్చోవాలి, ఆ సంఘానికి అధ్యక్షుడు ఇంకా నియమితుడు కాలేదు అన్నారు. పెంకులు మార్చమని అడిగాము. ఫైలు వెళ్లింది. వకుళమ్మ అర కింద ఇత్తడి గిన్నె, పైన మైనపు గుడ్డ పెట్టి ఆ వర్షాకాలం గడిపింది. గుడ్డ సందు నుంచి దిగిన తడికి చివరి రెండు ఆకులు ఉబ్బాయి. ఆ రోజు ఆమె భోజనం చేయలేదని మరునాడు తెలిసింది.

కార్తికమాసంలో ఉపకులపతిగారు దూరదేశంలో ఏదో సభకు వెళ్లి వచ్చారు. విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిచ్చే మండలి ఒకటి ఉంది. ఆ మండలి ఆ ఏడాది కొత్తగా 'ఆత్మవిమర్శ సూచిక' అనేదాన్ని ప్రవేశపెట్టింది. తన లోపాలను తానే నిజాయితీగా ఒప్పుకున్న సంస్థకు లోపానికి నాలుగు చొప్పున మార్కులు. ఉపకులపతిగారు విమానం దిగీ దిగగానే సభ పెట్టి, ఇన్నాళ్లూ మన సంపదను మనమే గుర్తించలేదని బాధపడ్డారు.

మరునాడే సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ 'గుణదోష పత్రం' నింపాలి. ఎడమవైపు గడిలో ఈ సంస్థలో పనిచేయడంలోని పది గుణాలు, కుడివైపు పది దోషాలు. గుణాల గడి దగ్గర అందరూ కలాలు నోట్లో పెట్టుకున్నారు. చివరకు చాలామంది మొదటి గుణంగా 'ఇది ఎంతో గొప్ప విశ్వవిద్యాలయం' అని రాసి, తక్కిన తొమ్మిది చోట్లా 'పైన చెప్పినట్లే' అని రాశారు. దోషాల గడి చాలక కాగితాలు అతికించారు. ఒక గణితాచార్యుడు దోషాలను అనుబంధాలతో సహా ఎనభై పుటల గ్రంథంగా సమర్పించి, దానిని తన పరిశోధనల జాబితాలో చేర్చుకున్నాడు.

వకుళమ్మ మాత్రం ఒక్కటే రాసింది. 'తాళపత్ర గ్రంథాలయం నాలుగవ అర పైన కప్పు కారుతున్నది. ఆకులు తడుస్తున్నవి.' అలా రాస్తే ఎవరో ఒకరు చదువుతారు, చదివితే పెంకులు మారుస్తారు అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇరవై ఏడేళ్లు అక్కడ పనిచేసీ అలా అనుకున్నందుకు ఈనాటికీ నాకు సిగ్గే.

నాలుగువేల దోషాలను వడపోసి మండలికి నలభై ఏడింటిని పంపారు. వకుళమ్మది మూడవ స్థానంలో నిలిచింది. మొదటిది రెండంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టు. రెండవది క్యాంటీను ఉప్మాలో రాళ్లు. మండలివారు దోషాల పట్టిక చూసి ముచ్చటపడి, వైశాఖంలో స్వయంగా వచ్చి ఒక్కొక్క దోషాన్నీ కళ్లారా చూసి మార్కులు ఖాయం చేస్తామని రాశారు. ఒప్పుకున్న దోషం తనిఖీనాడు కనిపించకపోతే తప్పుడు ప్రకటన కింద లెక్కించి రెట్టింపు మార్కులు కోస్తామని కూడా అడుగున చిన్న అక్షరాలలో రాశారు.

ఆ చిన్న అక్షరాల నుంచే దోషసంరక్షణ విభాగం పుట్టింది.

దానికి అధికారిగా పట్టాభిగారిని వేశారు. ఆయన చెడ్డవారు కారు. సంధ్యావందనం తప్పనివారు, చీమను చూసి పక్కకు అడుగు వేసేవారు. కానీ చేతికి ఏ ఫైలు ఇస్తే దానిని భగవద్విభూతిగా భావించేవారు. మొదటి వారంలోనే నలభై ఏడు దోషాలకూ ఇత్తడి ఫలకాలు చేయించారు. మా గ్రంథాలయం గోడ మీద 'దోషం సంఖ్య 3. ముట్టరాదు' అని వెలిసింది. ఆ ఫలకాన్ని ఉపకులపతిగారు దీపం వెలిగించి ఆవిష్కరించారు. నేను చూసిన ఇరవై ఏడేళ్లలో ఆ గదిలోకి ఒక ఉపకులపతి రావడం అదే మొదటిసారి.

ఆ మరుసటి సోమవారమే, విధి వైపరీత్యం, మా పాత ఫైలు తన తీర్థయాత్రలన్నీ ముగించుకుని మంజూరై తిరిగి వచ్చింది. దాని వెంట పెంకుల సింహాద్రి, అంటే ముప్పై ఏళ్లుగా కొండ మీద కప్పులు నేసే ముసలి పనివాడు, బండిలో యాభై పెంకులు వేసుకుని వచ్చాడు. నిచ్చెన వేసి రెండు మెట్లు ఎక్కాడో లేదో పట్టాభిగారు పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నారు.

"దిగవయ్యా. ఇది సంరక్షిత దోషం."

సింహాద్రి కిందికి చూశాడు. "కారిపోతందండి బాబూ. అరగంట పని. మార్చేసి పోతానండి."

"కారడమే దాని ధర్మం. దానిని కారనివ్వడం మన ధర్మం."

సింహాద్రి నిచ్చెన దిగాడు. పెంకులు దించి, గోడ వారగా పేర్చి, వాటి మీద కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు. కప్పులకు జబ్బు చేస్తే మందేయొద్దనే వైద్యుడిని ఇన్నేళ్లలో ఇప్పుడే చూశానండి అని నాతో మెల్లగా అన్నాడు.

అటు తరువాత సంరక్షణ ఊపందుకుంది. లిఫ్టు దానంతట అదే ఒకనాడు కదలగా, దానిని మళ్లీ నడుమకు తెచ్చి ఆపడానికి పట్నం నుంచి నిపుణులు వచ్చారు. క్యాంటీనులో కొత్తగా చేరిన వంటావిడ రవ్వను శ్రద్ధగా ఏరుతుంటే ఆమెకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. పంటికి తగిలేటట్లు, కానీ పన్ను విరగకుండా ఉండే పరిమాణంలో రాళ్లను సరఫరా చేయడానికి భూగర్భశాస్త్ర విభాగం ముందుకు వచ్చింది. అది ఆ విభాగానికి పదేళ్ల తరువాత దొరికిన మొదటి పని.

అన్నిటికన్నా జాలి కలిగించింది ఆచార్య చిదంబరంగారి సంగతి. ఆయన తరగతికి రారన్నది పదకొండవ దోషం. ఇత్తడి ఫలకం మీద తన పేరు చూసుకుని ఆయనలో పశ్చాత్తాపం కలిగింది. మరునాడు పట్టు పంచె కట్టుకుని, ఇరవై ఏళ్ల నాటి నోట్సు దుమ్ము దులుపుకుని తరగతికి బయలుదేరారు. గుమ్మం దగ్గర కాపలావాడు నమస్కారం చేసి ఆపాడు. మీరు లోపలికి వెళితే సంస్థకు ఎనిమిది మార్కుల నష్టమండి అన్నాడు. ఆయన వారం రోజులు వచ్చారు, వారం రోజులూ వెనక్కు పంపారు. చివరకు కిటికీ బయట నిలబడి పాఠం చెబుతుంటే పట్టుకుని ఉపకులపతి దగ్గరకు తీసుకువెళ్లారు. సంస్థ పట్ల ఆయనకు ఏ మాత్రం అభిమానం ఉన్నా ఇంట్లో కూర్చోవాలని ఉపకులపతిగారు బతిమాలుకున్నారు.

ఇవన్నీ విని వకుళమ్మ నవ్వేది. కానీ నవ్వుతూనే కప్పు వైపు చూసేది. వైశాఖంలో తనిఖీ అయిపోతే, జ్యేష్ఠంలో వానలు మొదలయ్యేలోగా కప్పు వేయించుకోవచ్చునని ఆమె ఆశ. ఈలోగా నకలు నూట రెండవ ఆకుకు చేరింది.

చైత్రమాసంలో పట్టాభిగారికి ఒక సందేహం కలిగింది. వైశాఖంలో వాన ఉండదు. వాన లేనిదే కప్పు కారదు. కప్పు కారనిదే దోషం కనిపించదు. మూడు రాత్రులు నిద్రపట్టక, నాలుగవనాడు ఇంజనీర్లను వెంటబెట్టుకుని వచ్చి, కప్పు మీద ఒక నీళ్ల తొట్టి ఎక్కించి, దానికి చిల్లుల గొట్టం బిగించి, సరిగ్గా పగిలిన పెంకుల మీదకు తిప్పారు. ఋతువులతో నిమిత్తం లేకుండా, కోరినప్పుడు కారే కప్పు దేశంలో మరెక్కడా లేదని గర్వంగా చెప్పారు. తనిఖీనాడు తడబాటు లేకుండా ఉండేందుకు రోజూ పదకొండు నుంచి ఒంటిగంట వరకు అభ్యాసం చేయిస్తామన్నారు.

వకుళమ్మ అప్పటిదాకా నూనె రాస్తున్న ఆకును కింద పెట్టింది. నాలుగవ అరలోని కట్టలను ఆ రెండు గంటలసేపు నా ఒడిలో పెట్టుకుంటాను అంది.

పట్టాభిగారు ఫైలు తెరిచి, దోషపాఠం చదివి వినిపించారు. 'ఆకులు తడుస్తున్నవి' అని అందులో ఉంది. ఆకులు లేని అర మీద నీళ్లు పడితే అది వేరే దోషం, దానిని మనం ప్రకటించలేదు అన్నారు. మైనపు గుడ్డ? అది దోషాన్ని కప్పిపుచ్చడం. ఇత్తడి గిన్నె? అది సాక్ష్యాన్ని సేకరించి దాచడం. ప్రతి ప్రశ్నకూ ఆయన ఎంతో నొచ్చుకుంటూనే సమాధానం చెప్పారు.

"గొడుగు వేసుకోవచ్చునా?" అని వకుళమ్మ అడిగింది.

"ఉద్యోగులు తమ నిమిత్తం గొడుగు వేసుకోవడానికి నిషేధం లేదు."

మరునాటి నుంచి రోజూ పదకొండింటికి వకుళమ్మ నాలుగవ అరకు వీపు ఆనించి నిలబడి, పెద్ద నల్ల గొడుగు విప్పి, తన నిమిత్తం వేసుకునేది. మనిషి పొట్టిది. గొడుగు పెద్దది. తన నిమిత్తం వేసుకున్న గొడుగులో సగం వెనక్కు వాలడాన్ని ఏ నిబంధనా ఆపలేకపోయింది. రెండు గంటలు అలా చెయ్యెత్తి నిలబడేది. ఒంటిగంటకు గొడుగు ముడిచేసరికి భుజం వణికేది. ఒక్కోసారి నేను పట్టుకుంటానంటే, మీకు మోకాళ్ల నొప్పి, కూర్చుని ఏదైనా చదవండి, వింటాను అనేది. నేను చదివేవాణ్ణి. గజేంద్రుడు మొసలి నోట చిక్కి పిలిచిన ఘట్టం చదువుతుంటే ఒకరోజు అడ్డుపడింది. ఆ స్వామి పరుగెత్తుకు వచ్చాడంటే అక్కడ అనుమతులిచ్చే విభాగం లేకపోబట్టే కదూ శాస్త్రిగారూ అంది.

వైశాఖం వచ్చింది. తనిఖీకి పన్నెండు రోజులున్నాయి. ఒక ఉదయం వకుళమ్మ గోడ వంక చూస్తూ నిలబడిపోయింది. చీమలు బారులు తీరి, తెల్లటి గుడ్లను నోట కరచుకుని, నేల నుంచి పైకి మోస్తున్నాయి. ఆమె పరుగున వెళ్లి 'వర్షలక్షణం' విప్పి, ఎనభయ్యవ ఆకు నాకు చూపింది. వైశాఖంలో చీమలు గుడ్లను ఎత్తుకు చేరిస్తే పక్షం లోపల పెద్దవాన అని అక్కడ ఉంది.

"గొట్టం నీళ్లకు గొడుగు పట్టగలను. పెద్దవానకు పట్టలేను. ఈ గ్రంథమే నన్ను హెచ్చరిస్తోంది, శాస్త్రిగారూ. తన ప్రాణం మీదకు వస్తోందని తనే చెబుతోంది. వినకపోతే నేను ఇన్నేళ్లు దీనికి నూనె రాసి ఏం లాభం?"

  ఆమె లేచి, చేతులు తుడుచుకుని, గుణదోష పత్రం ఒకటి ఇమ్మంది. అనుబంధ దోషాలను తనిఖీకి వారం ముందు వరకూ స్వీకరిస్తామని సర్క్యులర్‌లో ఉన్న సంగతి ఆమెకు గుర్తుంది. మాకెవరికీ గుర్తులేదు. ఆమె రాసిన వాక్యం ఇది.

'ఈ విశ్వవిద్యాలయంలో కొందరు ఉద్యోగులు పై అధికారుల అనుమతి లేకుండా మరమ్మతులు చేస్తుంటారు.'

నేను చదివి బెదిరిపోయాను. అమ్మా, నీ మీద నువ్వే నేరం రాసి ఇస్తున్నావు, పైగా నువ్వు ఇంతవరకూ అలాంటిది ఏదీ చేయలేదు కదా అన్నాను. చేయలేదు, అదే నా బాధ అని సంతకం పెట్టింది.

ఆ పత్రం ఉపకులపతిగారి బల్ల చేరిన గంటకే ఆయన నుంచి పిలుపు వచ్చింది. ఆమెకు తోడుగా నేనూ వెళ్లాను. ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు. కప్పు కారడం, లిఫ్టు ఆగడం వంటివి స్థూలదోషాలని, ఎవరికైనా ఉంటాయని, కానీ ఇది సూక్ష్మదోషమని, సంస్థ తన క్రమశిక్షణను తానే లోతుగా విమర్శించుకున్నట్లు చూపే దోషమని, దీనికి నాలుగు కాదు పది మార్కులు రావచ్చునని అన్నారు. దోషం సంఖ్య నలభై ఎనిమిదిగా అది ఆ సాయంత్రమే మండలికి వెళ్లిపోయింది.

ఇక ఆలోచించవలసిన వంతు పట్టాభిగారిది. మరునాడు ఉదయం పదిన్నరకు ఆయన ఒంటరిగా మా గదికి వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. వకుళమ్మకు కాక, గోడకు చెబుతున్నట్లుగా మాట్లాడారు.

"ప్రకటించిన దోషం తనిఖీనాటికి ఉండి తీరాలి. మరమ్మతు ఏదో ఒకటి జరగాలి. అనుమతి లేకుండా జరగాలి."

"మీరు చేయమని కాగితం ఇస్తే చేస్తాను" అంది వకుళమ్మ, ఎంతో వినయంగా.

"కాగితం ఇస్తే అనుమతి అవుతుంది. అప్పుడు దోషం చచ్చిపోతుంది. నోటితో చెప్పినా అనుమతే. అందువల్ల నేను మీకు ఏమీ చెప్పడం లేదు. ఈ గదికి రాలేదు కూడా."

"అలాగేనండి. రాని మిమ్మల్ని ఒక్క మాట అడగవచ్చునా? మూడవ దోషం మాటేమిటి? నేను ఈ కప్పే బాగు చేస్తే అది పోతుంది కదా?"

పట్టాభిగారు ఈ చిక్కు గురించి రాత్రంతా ఆలోచించినట్లున్నారు. గోడ వైపు తిరిగే, మెల్లగా, తర్కశాస్త్ర పరీక్షకు సమాధానం చెబుతున్న విద్యార్థిలా విప్పి చెప్పారు. కప్పు అనుమతితో బాగుపడితే సంస్థకు తెలిసినట్లు లెక్క. సంస్థకు తెలిస్తే మూడవ దోషం రికార్డు నుంచి పోతుంది. అనుమతి లేకుండా బాగుపడితే సంస్థకు తెలియనట్లే లెక్క. తెలియనిది రికార్డుకు ఎక్కదు. అందువల్ల కప్పు బాగుపడినా, మూడవ దోషం రికార్డులో యథాతథంగా కారుతూనే ఉంటుంది. పైగా నలభై ఎనిమిదవది దానికి తోడు. ఒకే కప్పుకు రెండు దోషాలు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో భక్తి లాంటిది పలికింది.

ఆయన వెళ్లబోతూ, గోడ వారగా చుట్ట కాలుస్తూ ఐదు నెలలుగా పెంకులకు కాపలా కాస్తున్న సింహాద్రిని చూసి ఆగారు. ఈ మనిషి ఇక్కడ లేడు కదా అని వకుళమ్మను అడిగారు. లేడండి అంది ఆమె. లేనండి అన్నాడు సింహాద్రి.

ఆ ఆదివారం పట్టపగలు, పదింటికి, మా కప్పు అనుమతి లేకుండా బాగుపడింది. ఎవరూ చూడకూడదు కనుక ఎవరూ చూడకుండా చూడడానికి నలుగురు కాపలావాళ్లను నిలబెట్టారు. వాళ్లు నాలుగు దిక్కులకూ ముఖాలు తిప్పి నిలుచున్నారు. సింహాద్రి నిచ్చెన పాతది, ఊగుతోంది. పట్టాభిగారు రానట్లుగానే వచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నారు. ఐదు నెలల కిందట దిగమని పట్టుకున్న నిచ్చెన కూడా అదే. వకుళమ్మ ఒక్కొక్క పెంకే అందించింది. అరగంట పని అని సింహాద్రి ఆనాడు చెప్పింది అబద్ధం. నలభై నిమిషాలు పట్టింది. నేను కుర్చీ వేసుకుని విష్ణుసహస్రనామం చదువుకున్నాను. అంతకన్నా నేను చేయగలిగింది లేదు.

తనిఖీనాడు తెల్లవారేసరికి ఆకాశం నల్లబడింది. పదకొండింటికి మండలి పెద్దలు ముగ్గురు మా గదిలో అడుగుపెట్టేసరికి వాన విరుచుకుపడింది. కొండ మీద అంతటి వైశాఖపు వాన నేను ఎరగను. పైగా వేళకు తొట్టి గొట్టం కూడా విప్పారు. ఆకాశమూ విశ్వవిద్యాలయమూ కలిసి పోస్తున్నాయి. అందరమూ తలలెత్తి నాలుగవ అర పైకి చూశాము. ఒక్క చుక్క రాలలేదు. పెంకుల మీద నీళ్లు మంగళవాద్యంలా మోగుతూ జారిపోతున్నాయి. వకుళమ్మ అరకు వీపు ఆనించి నిలబడి ఉంది. చేతిలో గొడుగు ముడిచే ఉంది.

మండలి అధ్యక్షుడు పట్టిక చూసి, మూడవ దోషం ఎక్కడ అని అడిగాడు. ఉపకులపతిగారి ముఖం పాలిపోయింది. పట్టాభిగారు ముందుకు వచ్చి, రికార్డు ప్రకారం కప్పు కారుతూనే ఉందని, ఇప్పుడు కనిపిస్తున్న పొడితనం నలభై ఎనిమిదవ దోషమని, అది అనుమతి లేనిది కనుక సంస్థ దానిని చూడజాలదని విన్నవించారు. అధ్యక్షుడు పట్టికను మరోసారి చదివాడు. అటువంటి సంస్థలలోనే ఆయనా పెరిగి పెద్దవాడయ్యాడు. అర్థమైంది. రెండు గడులలోనూ టిక్కు పెట్టాడు.

"కానీ అనుమతి లేకుండా జరిగిందనడానికి రుజువేది? శిక్ష పడనిదే అనుమతి లేదని ఎలా నమ్మడం?" అన్నాడు.

మధ్యాహ్న భోజనాలు అయ్యేలోగా రుజువు తయారైంది. వకుళమ్మకు మెమో ఇచ్చారు. స్వయంగా ఉపకులపతిగారే, మండలి సమక్షంలో అందించారు. ఆ ఏడాది ఆమెకు రావలసిన గ్రంథాలయాధికారి పదోన్నతి ఆపడమైనదని, ఇటువంటి ప్రవర్తన మళ్లీ మళ్లీ జరిగితే తప్ప క్షమించబడదని అందులో ఉంది. 'జరిగితే తప్ప' అన్నది పొరపాటు కాదు. దోషం ఏటా నిలవాలి కనుక పట్టాభిగారే ఆ వాక్యం కూర్చారు.

ఆ సాయంత్రం వాన వెలిసిన తరువాత ఆమె ఏం చేస్తుందోనని వెళ్లి చూశాను. మెమోకు అటూ ఇటూ చెక్కపలకలు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టి, దారం వేసి, నాలుగువందల పదమూడవ కట్టగా అరలో పెడుతోంది. పదిహేనేళ్లుగా ఎదురుచూసిన పదోన్నతి పోయింది కదమ్మా అని నేను బాధపడ్డాను. ఆమె కట్టను సర్ది, వెనక్కు జరిగి, అది నిటారుగా ఉందో లేదో చూసుకుంది.

"ఏడాదికి ఒక మెమో. నూట తొంభై ఆరు ఆకులు పొడిగా ఉన్నాయి. నా లెక్కకు ఇది నష్టం కాదు, శాస్త్రిగారూ."

విశ్వవిద్యాలయానికి ఆ ఏడు ర్యాంకు పెరిగింది. దానితో పాటు నలభై ఎనిమిదవ దోషం అందరికీ తెలిసిపోయింది. వంటావిడ అనుమతి లేకుండా రవ్వ ఏరసాగింది. చిదంబరంగారు అనుమతి లేకుండా తరగతిలోకి దూరి పాఠం చెప్పి, మెమో తీసుకుని, దానిని పటం కట్టించుకున్నారు. లిఫ్టును ఎవరో అనుమతి లేకుండా కదిలించారు. రికార్డులో మాత్రం అవన్నీ ఇప్పటికీ పాడైపోయే ఉన్నాయి. పనిచేసినందుకు సంజాయిషీ ఇచ్చుకోవడానికి రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఇప్పుడు వరుస ఉంటోంది. పట్టాభిగారు ఆ వరుస పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరినీ చూడకుండా, అందరినీ చూసుకుంటున్నారు.

నేను పదవీ విరమణ చేసేనాడు నాకూ ఒక గుణదోష పత్రం ఇచ్చి, వెళ్లేముందు నింపి వెళ్లమన్నారు. మా గదిలో కూర్చుని రాశాను. ఎదురుగా వకుళమ్మ నూట తొంభై ఆరవ ఆకుకు నకలు తీస్తోంది. గుణాల గడిలో, ఇక్కడ వకుళమ్మ పనిచేస్తుంది అని రాశాను. దోషాల గడిలో, ఆమె పనిచేయడం ఇక్కడ నలభై ఎనిమిదవ దోషం అని రాశాను. తక్కిన పద్దెనిమిది చోట్లూ ఖాళీగా వదిలి, మెట్లు దిగి, మామూలు మనుషులుండే చోటికి వచ్చాను.

ఈ కథ చదివినవారికి, చదివించి విన్నవారికి, విని పక్కవారికి చెప్పినవారికి ఇంటి కప్పు కారకుండుగాక. వారి ఉప్మాలో రాయి లేకుండుగాక. వారు చేసే మంచి పనికి అనుమతి వచ్చుగాక, రానినాడు నిచ్చెన పట్టుకునేందుకు కళ్లు మూసుకున్న ఒక అధికారి అయినా దొరుకుగాక. గజాననుడు అందరినీ చల్లగా, పొడిగా కాపాడుగాక.